పెనుకొండలో నొక దినము



కాశీరామేశ్వరముల యాత్రావృత్తాంతములు మీరు పెక్కు చదివియుందురు. నేను వ్రాయబోవునది మా యింటికి సమీపముననే యున్న యొక యూరి సంగతి. దగ్గరిదే కదా యని యిన్నాళ్లు దానిని చూడనైతిని.

మావారు హిందూపురమున నుపాధ్యాయులు. దసరా సెలవులలో నొకనాడు పిల్లలను వారి కప్పగించి, చిత్రాన్నమును పెరుగన్నమును మూటగట్టుకొని, మేము ముగ్గురము స్నేహితురాండ్రము ఉదయపు రైలులో పెనుకొండకు బయలుదేరితిమి. మాలో నొకామె ధర్మవరపు పట్టునేతవారి యాడుపడుచు. రెండవయామె పెనుకొండ ప్రాంతపు రైతుబిడ్డ, నాకంటె చిన్నది. తల్లి పోయిన పిదప మెట్టచేను నమ్మివేయుదమని యన్న పట్టుబట్టుచుండుటచే ఆమె మనసు కలతపడి యుండెను.

దారిపొడవున ఎఱ్ఱనేల, బండరాళ్లు, వాడిన వేరుసెనగ చేలు. ఈ సీమ యెడారి కాదుగాని యెడారికి చెల్లెలు. ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వానయే గతి. నైరృతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొనును. ఈశాన్యమున వచ్చునవి తూర్పుతీరము నుండి యింతదూరము చేరునప్పటికి వట్టిపోవును.

పెనుకొండకే ఘనగిరి యని నామాంతరము. 1565లో విజయనగరము పాడైన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. గగనమహలును, పార్శ్వనాథాలయమును, బాబయ్య దర్గాను చూచితిమి. ఎండకు తాళలేక, తెచ్చిన నీరు రెండుజాములకే త్రాగివేసితిమి. ఒక యింటి యరుగుమీది ముసలమ్మ మా మొగములు చూచి, "రాండమ్మా, దప్పి తీర్చుకోండి" యని కడవలోని నీరు చెంబుతో పోసినది. డబ్బీయబోగా, "నీళ్లకు వెల కట్టుదురా తల్లీ?" యని నొచ్చుకొన్నది. మేము సిగ్గుపడితిమి.

రాజులకును ఈ దాహము తప్పలేదు. 1388లో ఇచ్చట నుండిన ప్రతాప బుక్కరాయలు, జలసూత్రమెరిగిన సింగాయభట్టును పిలిపించి, పట్టణమునకు నీరు తెమ్మని యాజ్ఞాపించెను. ఆతడు పెన్నానదినుండి శిరువేర చెరువునకు కాలువ త్రవ్వించెను. ఈ సంగతి శాసనమున చెక్కబడియున్నది. భగీరథుడు పురాణములలోనే యున్నాడని తలచుచుంటిని. మన ప్రక్కనే యొకడుండెనని నా కప్పుడు తోచినది.

సాయంకాలము ఆటోలో గొల్లపల్లి జలాశయమునకు పోతిమి. శ్రీశైలము వద్ద కృష్ణనీటిని యంత్రములతో మెట్టుమెట్టుగా నెత్తి, హంద్రీ-నీవా కాలువద్వారా 2016లో ఇచ్చటికి తెచ్చిరి. ఎఱ్ఱని గుట్టలనడుమ ఆ నీలజలమును చూచి మా కాళ్లు కదలలేదు. చిన్నది గట్టుమీద కూర్చుండి, "అక్కా! మా యమ్మ రెండు మైళ్లు నడచి బిందెడు నీరు తెచ్చెడిది. ఈ నీటిని చూడకయే పోయినది" అని కన్నీరు పెట్టుకొనెను. కొంతసేపటికి, "ఈ నీరు మా చేనికెక్కునా?" యని యడిగినది.

ఆ చేను మిట్టమీద నున్నది. ఎక్కునని నేనెట్లు చెప్పగలను? "అమ్ముటకు ముందు మీ యన్నగారిని ఒకసారి యిచ్చటికి తోడుకొనిరమ్ము. ఇద్దరును చూచి, విచారించి, నిర్ణయించుకొనుడు" అంటిని. ఆమె తలయూపి, ఆ నీటిని తాను తెచ్చుకొన్న చెంబులో నింపుకొనెను. అది అన్నకు చూపుటకట.

రాత్రి యిల్లు చేరునప్పటికి పెరటికొళాయి ధారగా కారుచుండెను. ఎన్నడును లెక్కచేయనిదాన, పరుగునపోయి కట్టివేసితిని. నాటినుండి బియ్యము కడిగిన నీరు కరివేపచెట్టుకే పోయుచున్నాను. సోదరీమణులారా! నీరు తెచ్చినవారి పేర్లు శాసనములలో నుండును. దానిని నిలుపుకొనుట మాత్రము మన చేతులలోనే యున్నది.