బంగారు వెలుగా, పాత వార్నిషా?

రెంబ్రాంట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది చీకటి, ఆ చీకట్లో తేనెరంగు వెలుగు. ఆ పేరుకి అచ్చంగా సరిపోయిన బొమ్మ ఒకటి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. పేరు 'గాలిమర'. 1645-48 మధ్య వేసింది. నీటి ఒడ్డున పాత కోట బురుజు, దాని మీద ఒంటరిగా ఓ గాలిమర, వెనక బోలెడంత ఆకాశం. అంతే!

గాలిమర అంటే మనకిప్పుడు టూరిస్టు పోస్టరు గానీ, ఆ రోజుల్లో డచ్చివాళ్లకి అది ఫ్యాక్టరీ. ధాన్యం పిండి చెయ్యడం, కలప కోయడం, నూనె తీయడం, ఆఖరికి చిత్రకారుల రంగులు నూరడం కూడా గాలిమరలతోనే. రెంబ్రాంట్ వాళ్ల నాన్న కూడా లైడెన్‌లో మర నడిపినవాడే. బొమ్మలోది ఆ మరేనని ఒకప్పుడు కథలు కూడా అల్లారు.

ఈ బొమ్మని టర్నర్ అంతటివాడు మెచ్చుకున్నాడు. 1911లో వైడెనర్ అనే అమెరికా కోటీశ్వరుడు లక్ష పౌండ్లు పోసి కొన్నాడు. అప్పటికి జనం చూస్తున్నది గోధుమరంగు ఆకాశం, నల్లటి మర. ఎంత విషాదం, ఎంత గాంభీర్యం అనుకుంటూ చూశారు.

1977-79లో బొమ్మని శుభ్రం చేశారు. చూస్తే ఏముంది, ఆకాశం నీలం!

ఇందులో మాయేం లేదు. రంగుల మీద రక్షణగా పూసే వార్నిష్ చెట్ల జిగురుతో చేసింది. గాలికీ వెలుతురుకీ ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపు తిరుగుతుంది. పసుపు కళ్లద్దాల్లోంచి చూసినట్టే... తెలుపు పసుపవుతుంది, నీలం చచ్చిపోతుంది.

మన ఫీల్డులో ఇది తెలిసిన గొడవే. బగ్ పదేళ్లు బతికితే ఫీచర్ అయిపోతుంది. తీసేస్తే కస్టమరే ఫోన్ చేసి తిడతాడు. పాత బొమ్మే బాగుంది, ఆ పసుపు కాలం ఇచ్చిన అందం అనేవాళ్లకీ ఓ న్యాయం ఉంది. వాళ్లు ప్రేమించింది ఆ బొమ్మనే కదా!

నేను మాత్రం శుభ్రం చేసినవాళ్ల పక్షం. వెచ్చటి వెలుగు వెచ్చగా కనబడాలంటే పక్కన చల్లటి నీలం ఉండాలి. అంతా బంగారమైతే ఇక బంగారానికి విలువేముంది? వార్నిష్ పోయాక ఈ మర చీకటి మరింత చీకటిగా నిలబడింది, ఎందుకంటే వెనక నిజమైన పగలుంది. ఇది అసలు రెంబ్రాంట్ వేసిందేనా అని ఉన్న అనుమానాలు కూడా ఆ తర్వాత చాలావరకు తగ్గాయి.

అయితే ఒక్క షరతు. ఈ పనికి రోల్‌బ్యాక్ లేదు. వార్నిష్‌తో పాటు చిత్రకారుడు పూసిన పల్చటి రంగు పొర ఊడిందంటే ఇక తెచ్చేవాడు లేడు. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ముందు ఓ మూల చిన్న ముక్క మీద పరీక్షిస్తారు. దిద్దే రంగుల్నీ, కొత్త వార్నిష్‌నీ రేపు ఇంకొకడు తీసెయ్యగలిగేలాంటివే వాడతారు. తర్వాత వచ్చేవాడి మీద అంత దయ మన కోడ్‌లో ఎప్పుడైనా చూశారా?


మీరైతే ఏ ఆకాశాన్ని ఉంచేవారు?