నిజ్వా దారిలో సూర్యుడి గిర్మిట్

మీరు ఎప్పుడైనా మస్కట్‌లో దిగితే, ఒక రోజు నిజ్వా కోసం ఉంచుకోండి. దూరం సుమారు 160 కిలోమీటర్లు. రోడ్డు నున్నగా ఉంటుంది. రెండు పక్కలా చెట్టూ చేమా లేని కొండలు, పైన తెల్లటి ఎండ. “ఇంత ఎండను వీళ్లు ఏం చేసుకుంటారు?” అని మీకు అనిపిస్తుంది. మారిషస్ నుంచి వెళ్లిన నాకూ అదే అనిపించింది.

నిజ్వా చేరకముందే బిర్కత్ అల్ మౌజ్ అనే ఊళ్లో ఆగండి. ఆ పేరుకు ‘అరటి కొలను’ అని అర్థం. అక్కడ ఖత్‌మైన్ అనే ఫలజ్ ఉంది. ఫలజ్ అంటే పాతకాలపు నీటి కాలువ. కొండ కింద ఊట దగ్గర మొదలై, వాలు వెంట పారుతూ ఖర్జూర తోటల్లోకి వస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఒమాన్‌లో ఇలాంటివి సుమారు 3,000 ఇప్పటికీ పారుతున్నాయి. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లు వదలాలో పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి లెక్క కట్టేవారు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తెరిచి, వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదిలే మనిషిని నీరటి అంటారు. ఆయన చేసే పని కూడా ఇదే.

ఇంకో సంగతి చెప్తాను, గుర్తుంచుకోండి. ఒమాన్ ఫలజ్‌లను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 2006లో. మన పెద్దలు ఓడ దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్‌ను చేర్చింది కూడా అదే సంవత్సరం.

నిజ్వాకు దగ్గరలోనే మనహ్ ఉంది. కొత్త కాలపు ఎండ లెక్క అక్కడ కనిపిస్తుంది. మనహ్-1, మనహ్-2 అని రెండు సోలార్ కేంద్రాలు, ఒక్కొక్కటి 500 మెగావాట్లు. 2025లో ప్రారంభించారు. మొదటిది ఫ్రాన్స్‌కు చెందిన ఈడీఎఫ్, కొరియాకు చెందిన కొరియా వెస్టర్న్ పవర్ కలిసి కట్టాయి. రెండోది సింగపూర్‌కు చెందిన సెంబ్‌కార్ప్, చైనాకు చెందిన జింకో పవర్ కలిసి కట్టాయి. నేను లోపలికి వెళ్లలేదు, బయటి నుంచే చూశాను. పలకలన్నీ ఒకే వైపు తలవంచి ఉంటే, నాకు మా ఊరి చెరకు తోట గుర్తొచ్చింది.

ఇన్ని దేశాలు ఒక ఎడారిలో ఎలా కలిశాయి? పద్ధతి తేలికైనదే. నేల ఒమాన్‌ది. పెట్టుబడి పెట్టేది, కట్టేది, నడిపేది బయటి కంపెనీలు. వచ్చే కరెంటును 20 ఏళ్ల పాటు కొంటామని ఒమాన్ ప్రభుత్వ సంస్థ ముందే సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని చూసి బ్యాంకులు అప్పు ఇస్తాయి. ఇబ్రీ దగ్గర 2022లో ప్రారంభమైన 500 మెగావాట్ల కేంద్రంలో సౌదీ, కువైట్ కంపెనీలు ఉన్నాయి. దక్షిణాన ధోఫార్‌లో 2019లో మొదలైన, 13 గాలిమరలున్న 50 మెగావాట్ల కేంద్రానికి అబుదాబి డబ్బు ఇచ్చింది. ఒమాన్ కరెంటు ఇప్పటికీ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది. 2030 నాటికి 30 శాతం ఎండ, గాలి వంటి వాటి నుంచి రావాలని, 2050 నాటికి కర్బన ఉద్గారాలు నికరంగా సున్నాకు చేరాలని వాళ్ల లక్ష్యం.

ఫిజీలో మనవాళ్లు అగ్రిమెంటును ‘గిర్మిట్’ అన్నారు. ఐదేళ్ల గిర్మిట్‌కు మన తాతలు వేలిముద్ర వేశారు. ఇక్కడ సూర్యుడి చేత ఇరవై ఏళ్ల గిర్మిట్ రాయించుకున్నారు అని నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నిజ్వాలో రోడ్డు పక్కన కరక్ చాయ్ తాగుతుంటే, నా తెలుగు విని ఒక కుర్రాడు దగ్గరకు వచ్చాడు.

“అన్నా, మీరు తెలుగోళ్లా? మాట జర వేరే ఉన్నది.”

“మారిషస్ తెలుగు తమ్ముడూ. నీది ఏ ఊరు?”

“జగిత్యాల దగ్గర. ఆరేండ్లాయె వచ్చి.”

ఒక సోలార్ కేంద్రం కట్టేటప్పుడు పలకలు బిగించే పని చేశాడట. ఏ కేంద్రమని నేను అడగలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఒమాన్‌లో చట్టం ఉంది. “గది మంచిదే అన్నా. కానీ పొద్దుగాల నాలుగింటికే లేపుతరు” అన్నాడు. ఇంతకుముందు కంపెనీ మారాలంటే పాత యజమాని అనుమతి పత్రం కావాలి. 2021 జనవరి 1 నుంచి, ఒప్పందం ముగిసినవారికి ఆ షరతు తీసేశారు. అందుకే అతను మారగలిగాడు. ఇప్పుడు కరెంటు పని నేర్చుకుంటున్నాడు.

“కాయితం చదివే సంతకం పెట్టినవా?” అని అతని మాటలోనే అడిగాను.

“అరబ్బీల, ఇంగ్లీషుల ఉంటదన్నా. ఏజెంటు చెప్పిందే ఇన్న. తెలుగుల రాసిస్తే మా అవ్వ గూడ సదువుతుండె.”

మీలాగే నేను కూడా తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నాను. మా ముత్తాత వేలిముద్ర వేసిన కాగితం కూడా ఆయనకు తెలియని భాషలోనే ఉండేది. ఆయన నరికిన చెరకు పిప్పిని కాల్చి మారిషస్‌లో ఇవాళ కరెంటు తీస్తున్నారు. ఆ కరెంటు దీపం కింద కూర్చునే నేను అక్షరాలు దిద్దాను. శ్రమ ఒకరిది, వెలుగు ఇంకొకరిది. ఆ వెలుగులో వాళ్ల వాటా ఎంత అన్నదే నా ప్రశ్న.

ఈ కథకు మన తీరం కూడా దూరం కాదు. కాకినాడ పక్కన కోరంగి అనే పాత రేవు ఉంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లని మారిషస్‌లో, బర్మాలో తెలుగువాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. ఇప్పుడు కాకినాడలో ఏఎం గ్రీన్ అనే హైదరాబాదు సంస్థ గ్రీన్ అమ్మోనియా తయారీకి పూనుకుంది. ఒమాన్ తీరంలోని దుఖుమ్‌లో భారత సంస్థ ఆక్మే అదే పని చేస్తోంది. ఎండతో, గాలితో తీసిన కరెంటు నీటిని విడగొట్టి హైడ్రోజన్ ఇస్తుంది. దానికి గాలిలోని నైట్రోజన్ కలిపితే అమ్మోనియా అవుతుంది. దాన్ని ఓడలో పంపవచ్చు. ఒకప్పుడు మనుషులను ఎక్కించిన తీరం నుంచి రేపు ఎండను ఎగుమతి చేస్తారన్నమాట.

మీరు వెళ్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఫలజ్ గట్టు మీద కాసేపు కూర్చోండి. చాయ్ కొట్టు దగ్గర ఎవరైనా తెలుగు మాట్లాడితే “ఏ ఊరు తమ్ముడూ?” అని అడగండి. అతని చేతిలో ఇంగ్లీషు కాగితం ఉంటే, చదివి తెలుగులో చెప్పండి. మీకు వచ్చిన తెలుగు ఆ పనికి సరిపోతుంది.