ఇసుక మీద కూత

నెల్లూరు అనగానే మనవారికి మొలగొలుకులు గుర్తుకు వస్తాయి. భోజనప్రియులకు చేపల పులుసు, సాహిత్యప్రియులకు తిక్కన. ఆ జాబితాలో నేను ఇంకొకటి చేర్చదలచుకున్నాను: చెడుగుడు కూత. కాలేజీల ఆటల సీజను సరిగ్గా సగానికి వచ్చిన డిసెంబరు నెలలో, కావలి నుంచి మైపాడు మీదుగా కృష్ణపట్నం దాకా తీరం వెంట వెళ్ళాను. సముద్రం చూడాలని బయలుదేరిన మాట నిజమే గాని, చూసినదానికన్నా విన్నది యెక్కువ. బస్సులో, టీ బంకు దగ్గర, సరుగుడు తోపులో కూడా ఒకటే చర్చ. యీ యేడు యే కాలేజీ జట్టు పైకి వస్తుంది?

యీ చర్చలోని వేడి తెలియాలంటే ముందు ఏర్పాటు తెలియాలి. నెల్లూరు వి. ఆర్. కాలేజీ 1920 నాటిది. కావలి జవహర్ భారతి 1951లో పుట్టింది. ఒకప్పుడు యీ ప్రాంతపు ఆటగాళ్ళు తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తరఫున ఆడేవారు. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాక నెల్లూరుకు సొంత జట్టు వచ్చింది. కాలేజీలు ముందు తమలో తాము ఆడుకుంటాయి. అందులో మెరిసినవారిని యేరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ జోనులో తమిళులతో, కన్నడిగులతో, మలయాళీలతో తలపడాలి. అక్కడ ముందు నిలిచినవారే అఖిల భారత పోటీకి వెళతారు. అంటే కాలేజీ మైదానం నుంచి దేశానికి మూడు మెట్లు.

అమెరికాలో చదువుకుంటున్న మా మేనల్లుడికి యీ సంగతి చెబితే నవ్వాడు. “మా దగ్గర యింత సులభం కాదు మామయ్యా” అన్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌కు జోనులు లేవు, కూటములున్నాయి. 1936 నుంచీ పత్రికల వాళ్ళు వారం వారం వోట్లు వేసి జట్లకు వరస సంఖ్యలు యిస్తున్నారు. సీజను సగానికి వచ్చేసరికి యింటింటా వరసల గురించి తగాదాలే. 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు తాను ఆడిన 13 ఆటలూ గెలిచింది. అయినా చివరి నాలుగు జట్లలోకి దాన్ని తీసుకోలేదు. దాని ముఖ్యమైన ఆటగాడు గాయపడ్డాడు, యిక మునుపటిలా ఆడలేదని కమిటీ తేల్చింది! మరుసటి యేడు నుంచి నలుగురికి బదులు పన్నెండు జట్లకు చోటు యిచ్చారు. ఆడకముందే ఓడించడమంటే యిదే. మన పద్ధతిలో లోపాలు యెన్ని వున్నా, ఓడినవాడు గీత మీదనే ఓడతాడు.

అయితే మనకూ చూపుడువేలితో వరస వేసే జబ్బు లేకపోలేదు. వృత్తి కబడ్డీలో మన తెలుగు టైటన్స్‌నే చూడండి. 2021-22 సీజనులో 22 ఆటలకు ఒక్కటే గెలిచారు. తరువాతి రెండు సీజనుల్లోనూ రెండేసి. ఇక వీళ్ళ పని అయిపోయిందన్నారు. 2024లో 12 ఆటలు గెలిచి యేడవ స్థానంలో ఆగారు. ఆ యేడు పైకి వెళ్ళింది ఆరు జట్లే. 2025లో ఆ గడప కూడా దాటారు. అందుచేత నడి సీజను వరసను నమ్మేవారు కాస్త నిదానించాలి.

నెల్లూరు తీరంలో ఆ నిదానానికి ఇంకొక బలమైన కారణం వుంది. అది వాన.

మిగిలిన ఆంధ్రదేశానికి వాన జూన్‌లో వస్తే, నెల్లూరుకు అక్టోబరులో వస్తుంది. యేడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. అవే కాలేజీ ఆటల నెలలు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టనే కోసుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ముంచెత్తింది. ఇక కాలేజీ మైదానం మాట చెప్పాలా? కావలిలో బస్సు కోసం నిలుచున్న డ్రిల్లు మాస్టారొకరు నాతో అన్నారు: “మా సీజనూ వానా ఒకే రోజు మొదలవుతాయి సార్. మా పిల్లలకు చెడుగుడు కంటే చేపలు పట్టడం నేర్పితే సుఖం.”

కాని ఆ పిల్లలు వూరుకోలేదు. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపున వున్న మైపాడుకు వెళ్ళాను. దారి పొడుగునా వరి, తరువాత రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ దాటగానే సరుగుడు తోపులు, ఆ పైన సముద్రం. ముందు రాత్రి కుండపోతగా కురిసింది. నెల్లూరులో వీధులు యింకా బురద. ఇక్కడ ఇసుక మాత్రం నీళ్ళు తాగేసి గట్టిగా వుంది. దాని మీద తాడుతో గీతలు పరచి పద్నాలుగు మంది కుర్రాళ్ళు ఆడుతున్నారు. అందరూ పాళెం పిల్లలు, కాలేజీ పిల్లలు.

వారిలో బక్కపలచటి కుర్రవాడొకడు కూతకు వెళ్ళాడు. నిమిషంలో సగం, అంతే గడువు. ముగ్గురు చుట్టుముట్టారు. వాడు ఇసుకలోంచి చేపలా యెగిరి గీత మీద పడ్డాడు. నేను అడగకుండా వుండలేకపోయాను: “ఇంత బాగా ఆడతావే, జట్టులో వున్నావా?”

“లేదు సార్” అన్నాడు. “ఇసకలో గంట ఆడితే నేల మీద మూడు గంటలు ఆడినట్టు. కాని పోటీ మ్యాటు మీద పెడతారు. బూట్లేసుకుని మ్యాటు మీద తిరగాలంటే నా కాలు నా మాట వినదు.”

అసలు సంగతి యిదీ. ఇసుక మీద ఆటకు ప్రపంచంలో గౌరవం లేకపోలేదు. 2008లో బాలిలో జరిగిన మొదటి ఆసియా బీచ్ క్రీడలలోనే కబడ్డీకి చోటు యిచ్చారు. జట్టుకు యేడుగురికి బదులు నలుగురు. కాని విశ్వవిద్యాలయం పోటీలో ఇసుకకు మార్కులు లేవు.

సరే, యింతదూరం వచ్చాక నా వరస నేనూ చెబుతాను. జోనుల్లో ఉత్తరానికి మొదటి పీట వేయక తప్పదు. హర్యానా పల్లెలు వున్నంత కాలం ఆ పీట కదలదు. రెండవది మన దక్షిణం. అందులో పెద్ద వాటా తమిళులది. ఇక నెల్లూరు జట్ల తరహాలు మూడు. ఇవాళ్టికి మొదటిది పట్నం జట్టు. మ్యాటు అలవాటు, పట్టులో వొద్దిక, గొలుసు కట్టినట్టు కదలిక. కాని కూతకు ధైర్యం తక్కువ. బోనస్ గీత తొక్కి వెనక్కి వచ్చేవారే యెక్కువ. రెండవది కావలి వైపు మెట్ట పల్లెల జట్టు. బలం దండిగా వుంది, వోర్పు లేదు. మూడవది తీరపు జట్టు. అలివి వల లాగిన చేతికి దొరికిన చీలమండ మళ్ళీ తప్పించుకుపోదు. యెగురుడులో వీరికి సాటి లేరు. మ్యాటు మీద నెల రోజులు తిరగనివ్వండి, నా వరస నేనే తలకిందులు చేస్తాను.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. తోపు పక్కన యిద్దరు కాలేజీ అమ్మాయిలు చూస్తూ కూర్చున్నారు. యెందుకు ఆడటం లేదంటే, “చీకటి పడకముందు యింటికి పోవాల సార్, పైకప్పు వుండే చోటైతే అమ్మ పంపిస్తాది” అన్నారు. తల్లి మాటలో తప్పేమీ లేదు. భద్రంగా ఆడే చోటు చూపించవలసింది పెద్దలు.

యిదంతా పిల్లల ఆట, దీనికి యింత గొడవ యెందుకని అనుకోవద్దు. విశ్వవిద్యాలయం జట్టులో పన్నెండు మందికే చోటు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో ఆడిన పత్రం వుంటే, కేంద్ర ప్రభుత్వపు క్రీడా కోటా వుద్యోగానికి అర్హత వస్తుంది. రైల్వే వుద్యోగానికీ యిది ఒక దారి. వల మోసే యింట్లో నెల జీతం మొదటిసారి కనబడేది ఆ పత్రంతోనే కావచ్చు. అక్టోబరు వానకు ఒక నెల సాధన పోతే, పోయేది ఆట ఒక్కటే కాదు.

కృష్ణపట్నంలో రేవు క్రేన్లు మబ్బుల్లోకి తలలెత్తి నిలబడ్డాయి. ఓడ సరుకుకు గిడ్డంగులున్నాయి, రొయ్యలకు మంచు గదులున్నాయి. తీరం పొడుగునా పిల్లలకు మాత్రం వాన తడపని చెడుగుడు బరి ఒక్కటి నాకు కనబడలేదు. రేకుల కప్పు, దాని కింద పదమూడు మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు మ్యాటు, నాలుగు దీపాలు. ఒక పెళ్ళిపందిరి పాటి పని! మైపాడులో ఒకటి, కావలి వైపు ఒకటి వేసినా చాలు. అప్పుడు సంక్రాంతి నాటికి వరస వేద్దాం. అంతవరకూ పట్టికలో అడుగున వున్న పేరును చూసి తీరపు కుర్రాళ్ళను తీసిపారేయకండి.