ఖాలా చెంపనొప్పి

అరకు లోయ చలిని గురించి వ్రాసినవారు అనేకులు గలరు. ఆ చలిగాలి చెంపకు సోకినంత మాత్రాన కేక వేసిన మనిషిని మేము మా ఇంటిలోనే చూచాము. ఆమె మా తల్లిగారి చెల్లెలు. భర్త అరకులో గుడ్డల వ్యాపారం చేసేవారు. ఆయన గతించిన తరువాత కూడ ఖాలా కొండ దిగలేదు.

మూడేండ్ల క్రిందట శీతకాలపు సెలవులలో మేమక్కడికి వెళ్ళాము. తెల్లవారుజామున వజూకు కూర్చున్న ఖాలా దోసిట నీళ్ళు పట్టి, ముఖం దాకా తెచ్చి, ఆగిపోయింది. నీరు తగిలితే చాలు, కుడి చెంపలో కరెంటు కొట్టినట్లయి, క్షణాలలో పోయి, మరల వచ్చేది. నమలడం కష్టం, మాట్లాడడం కష్టం. సంతకు వచ్చే గిరిజన స్త్రీలు ఏండ్లనాటి స్నేహితులు. వారు పలుకరిస్తే తల ఊపి ఊరకుండేది. పొగరెక్కిందని వారనుకున్నారట. అప్పటికే కుడివైపు దవడపళ్ళు మూడు తీయించారు. మూడూ మంచివే. నొప్పి పంటిది కాదు గనుక పోలేదు. ఆపైన మనోవ్యాధి అన్నారు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాము, మేమూ కొంత అలాగే అనుకున్నాము.

అనంతగిరి ఘాటు మీదుగా విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైమాటే. బస్సు కిటికీ గాలి తగలకుండా ఖాలా చెంపకు దుపట్టా చుట్టుకున్నది. ఆ దుపట్టా ఒరుసుకొనియే రెండుసార్లు నొప్పి రేగింది.

అక్కడి నరాల వైద్యుడు యువకుడు. యంత్రం మాట ఎత్తకముందు పావుగంటసేపు ఆమెనే అడిగాడు. నొప్పి ఎంతసేపు ఉంటుంది? ఒక వైపేనా? ఏమి తగిలితే రేగుతుంది? నడుమ పూర్తిగా పోతుందా? జబ్బు పేరు అప్పుడే తేలింది, ట్రైజెమినల్ న్యూరాల్జియా అని. మరి యంత్రమెందుకని మేమడిగాము.

“నొప్పి ఉన్నదని అమ్మగారే చెప్పారు కదండీ. ఎందుకున్నదో అది చెప్పవచ్చు” అన్నాడు.

మెదడు నుండి ముఖానికి వచ్చే అయిదవ నాడిని మన పాఠ్యగ్రంథాలు త్రిధార నాడి అంటాయి. నుదురు, చెంప, దవడ దాని మూడు పాయలు. అది మెదడు నుండి వెలువడే చోట రక్తనాళమొకటి ఆనుకొని ఒత్తుతూ ఉంటే, తీగమీది తొడుగు వలె నాడి పైపొర చెడిపోతుంది. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1930లలో కపాలం తెరచి ఈ ఒత్తిడిని చూచి చెప్పాడు. కపాలం తెరవకుండా దానిని చూపేది ఎమ్మారై. ఎక్స్‌రేతో పని లేదు; బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు చాలు. కణితి ఉన్నా తెలుస్తుంది. అయితే ఏ నొప్పీ లేనివారిలో కూడ నాళం నాడిని తాకి ఉండడం కద్దు. బొమ్మ ఒక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు.

లోహం లోపలికి పోరాదు గనుక ముక్కుపుడక తీయవలసి వచ్చింది. పెండ్లినాటిది. ఆ కుడి ముక్కును ఖాలా ఎన్నాళ్ళుగానో తాకనే లేదు. నర్సమ్మ చేయి చాచగానే వెనుకకు జరిగింది. చివరకు కళ్ళు మూసుకొని తానే తీసి మా చేతిలో పెట్టింది. యంత్రపు చప్పుడుకు భయపడుతుందని మేమనుకుంటే, బయటికి వచ్చి, “ఎవరూ మాట్లాడించలేదు బేటా, హాయిగా ఉన్నది” అన్నది.

తెల్లని నీటి నడుమ బూడిదరంగు దారం. దానిని అదుముతూ నల్లని గీత. ఖాలా చాలాసేపు చూచి, “ఈ ఫిల్మ్ నాకు ఇప్పించు, కోడలికి చూపించాలి” అన్నది. ఆమె మాట నమ్మని మేము ఆ గీతను వెంటనే నమ్మాము.

కార్బమజెపైన్ మాత్రలు మొదట తల తిప్పినా పని చేశాయి. నాళానికి, నాడికి నడుమ చిన్న మెత్త పెట్టే ఆపరేషను ఉన్నది. పీటర్ జానెట్టా వ్యాప్తిలోకి తెచ్చినది. మాత్రలు పని చేసినంతకాలం వద్దన్నది ఖాలా.

పోయిన శీతకాలం కాఫీ తోటలో పనిచేసే ఆమె ఒకతె చెంపకు గుడ్డ కట్టుకొని వచ్చింది, పన్ను పీకించుకోవడానికి పోతున్నానంటూ. ఖాలా ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి, “ఒక వైపేనా? నీళ్ళు తగిలితే వస్తుందా?” అని అడగడం మొదలుపెట్టింది.