మారేడుమిల్లి దారిలో ఒంటరి ప్రయాణం

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి వెళ్లే దారి, వరిచేలూ కాలువలూ నిండిన డెల్టా నేలను విడిచి తూర్పు కనుమల్లోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి చింతూరు వైపు సాగేది ఘాట్ రోడ్డు, అంటే కొండ వాలును చుట్టుకుంటూ మలుపు మీద మలుపుగా వేసిన బాట. మోటారు సైకిలుపై ఒంటరిగా వచ్చి గుడారంలో రాత్రి గడపదలచినవారికి ఈ దారి మొదట నేర్పేది నిదానం. దిగుడులో తక్కువ గేరు వేస్తే ఇంజనే చక్రాల వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఇంజను బ్రేకింగు అనే ఈ పద్ధతి వల్ల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవు. మలుపు ముందు హారను మోగించి, ఎడమ అంచుకు ఒదిగి నడిపే ఆ శ్రద్ధలోనే మనసు ఏకాగ్రమవుతుంది.

అయితే ఈ అడవి నిర్జన ప్రదేశం కాదు. ఇది కొండరెడ్లనే గిరిజనుల ఆవాసం. బ్రిటిషు పాలనలోని అటవీ ఆంక్షలనూ వెట్టిచాకిరీనీ ఎదిరించి ఇక్కడి గిరిజనులు సాగించిన రంప పితూరీ అనే తిరుగుబాటులో, 1922 అక్టోబరులో, అల్లూరి సీతారామరాజు దళం రంపచోడవరం పోలీసు స్టేషనుపై దాడి చేసింది. అటువంటి నేలపై అతిథిగా వచ్చేవారు అనుమతి ఉన్న చోటే గుడారం వేసి, మలేరియా భయం ఉన్నందున దోమతెర వెంట ఉంచుకొని, పొయ్యిలోని నిప్పును నీళ్లతో పూర్తిగా ఆర్పి, తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకువెళ్లాలి. ఏకాంతం కోరి వచ్చినవారు ఇతరుల ఇంటిని పాడుచేయరాదు.