పదకొండో పేరు

సంక్రాంతి టోర్నమెంటుకు మన యవ్వనస్థుల జట్టులో ఎవరి తర్వాత ఎవరు బ్యాటింగ్‌కి దిగాలో రాయడానికి శనివారం రాత్రి మందిరం అరుగు మీద కూర్చున్నాం. ఎనిమిది ఓవర్ల టెన్నిస్ బంతి ఆట. మొత్తం 48 బంతులు. పైన నలుగురు నిలబడితే కిందివాళ్ళకి బ్యాటు పట్టే పనే ఉండదు.

ఓపెనర్ల గురించే గంటసేపు వాదించుకున్నాం. కొత్త బ్యాటు కొనిచ్చినవాళ్ళ అబ్బాయిని కిందికి దించడం ఎలా మరి! పదకొండో పేరు మాత్రం ఆలోచించకుండా రాసేశాం. ఆదివారం కుర్చీలు వేసే తమ్ముడిది. మూడేళ్ళుగా అక్కడే రాస్తున్నాం. స్కోరు పుస్తకం తిరగేస్తే, ఆ మూడేళ్ళలో అతను ఒక్క బంతి కూడా ఆడలేదు.

మర్నాటి ప్రసంగం 1 సమూయేలు 16. ఏడుగురు కొడుకులు వరసగా దాటిపోయినా, సమూయేలు అడిగేదాకా గొర్రెల దగ్గరున్న చిన్నవాడి మాట యెష్షయి ఎత్తలేదు. ఆ కాగితం బైబిల్లో పెట్టుకుని ప్రసంగం చెప్పడం మావల్ల కాలేదు. కొట్టేసి, అతన్ని మూడో స్థానంలో రాశాం.

"అయ్యగారూ, నావల్ల ఓడిపోతే?"

"ఓడిపోదాం లేరా."

ఆరు బంతుల్లో నాలుగు పరుగులు చేశాడు. ఓడిపోయాం. కెప్టెన్ ఇంకా మాతో మాట్లాడటం లేదు. రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాలి.