పొన్నెకల్లు గొంతు, కారంపూడి కథ

మన కళాశాల వార్షిక సంచికలోని తెలుగు విభాగానికి ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గంవారు కోరినారు. మేము నలుగురం కారంపూడి వాస్తవ్యులం. మాలో ఇద్దరం ఇంట ఉర్దూ మాట్లాడేవారం; తక్కిన ఇద్దరం దూదేకులవారం, పుట్టిననాటి నుండి తెలుగు తప్ప వేరొక మాట ఎరుగనివారం. వసతిగృహంలో నలుగురికీ ఒకే గది. ఆ గదిలో చెలరేగిన ఒక వివాదమే ఈ వ్యాసానికి కారణం.

వివాదానికి మూలం అమెరికా ర్యాప్ పాటలు. మా సహాధ్యాయులు కొందరు వాటిని సెల్‌ఫోనులలో రాత్రింబవళ్లు వింటూ ఉంటారు. ఒకనాడు వారిలో ఒక మిత్రుడు, “ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండా నిలబడి, తన పేటను గురించీ తన పేదరికాన్ని గురించీ దరువు మీద మాట విసిరి లోకాన్ని నిలదీసే కళ మన భాషలో ఎన్నడైనా ఉన్నదా?” అని సవాలు చేసినాడు. అడిగిన తీరులో కొంత హేళన ఉన్నా ప్రశ్న మాత్రం మంచిదే.

ర్యాప్ పుట్టుకను గురించి మేమూ కొంత చదివినాము. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్‌లో, జమైకా నుండి వలస వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు తన సోదరి ఏర్పాటు చేసిన వేడుకలో పాటల మధ్య వచ్చే తాళభాగాన్ని మాత్రమే పొడిగించి వాయించినాడనీ, ఆ దరువు మీద మాటలు విసరడం నుండి ఈ కళ పెరిగినదనీ చెబుతారు. పిదప పెద్ద పెద్ద రికార్డు కంపెనీలు వచ్చి గాయకులతో ఒప్పందాలు వ్రాయించుకొన్నవి. ఆ ఒప్పందాలకు లొంగక తమ పాటను తామే అమ్ముకొన్నవారిని స్వతంత్రులంటారు. లాస్ ఏంజిలెస్‌కు చెందిన నిప్సీ హసిల్ అటువంటివాడు. 2013లో ‘క్రెన్‌షా’ అనే తన పాటల సంపుటాన్ని అంతర్జాలంలో ఉచితంగా ఇస్తూనే, ఒక్కొక్కటి 100 డాలర్ల చొప్పున 1,000 ప్రతులను అమ్మకానికి పెట్టినాడు. క్రెన్‌షా అన్నది అతడు పెరిగిన ప్రాంతం పేరు. 2019 మార్చి 31న ఆ ప్రాంతంలోనే, తన దుకాణం ముంగిటనే, కాల్పులకు గురియై మరణించినాడు. అతని జీవితం మమ్ములను కదిలించిన మాట వాస్తవం. కాని మా మిత్రుని సవాలుకు జవాబు కోసం సముద్రాలు దాటనక్కరలేదు. పొన్నెకల్లు దాకా వెళితే చాలును.

గుంటూరుకు చేరువనున్న ఆ గ్రామంలో 1920లో షేక్ నాజర్ జన్మించినారు. వారిది పింజారి కుటుంబం. పింజారి, దూదేకుల, నూర్‌బాషా అని ఈ కులానికి పేర్లు. పత్తిని ఏకి, పరుపులూ బొంతలూ కుట్టడం కులవృత్తి. మతం ఇస్లాం, మాట తెలుగు. ఈ రెండింటి నడుమ నిలిచినందుకు ఈ కులంవారికి ఇరువైపుల నుండీ ఎత్తిపొడుపులే. ఉర్దూ రాని సాయిబులని ఒకరు నవ్వితే, తెలుగు మాట్లాడినా సాయిబులే కదా అని మరొకరు దూరం పెడతారు. ఈ సంగతి చదువరులలో పలువురికి అనుభవమే గనుక విస్తరించము.

నాజర్ బాల్యంలోనే నాటకాలలో వేషాలు కట్టినారు. సంగీతం కోసం నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి వద్ద శిష్యరికం చేసినారు. పత్తి ఏకే ఇంటి బాలుడు కర్ణాటక సంగీతం అభ్యసించడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు. అటుపిమ్మట కమ్యూనిస్టు నాయకులు వేములపల్లి శ్రీకృష్ణగారి ప్రోత్సాహంతో బుర్రకథలో ప్రవేశించినారు. 1943లో రూపుదిద్దుకొన్న ప్రజానాట్యమండలి ఆయనకు వేదిక అయినది. నేర్చిన రాగాలు వ్యర్థం కాలేదు. జానపదుల వరుసలలో శాస్త్రీయ రాగాలను కలిపి, పామరునికి పరాయిగా తోచకుండా పాడడం ఆయనకే చెల్లినది.

బుర్రకథను నేటి విద్యార్థులలో చూచినవారు తక్కువ గనుక కొంచెం వివరిస్తాము. నడుమ కథకుడు నిలుస్తాడు. భుజాన తంబుర, వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కథకుడు ముందుకు అడుగులు వేసి వెనుకకు వస్తూ పాడుతాడు, చిందు వేస్తాడు, చటుక్కున వచనంలోకి దిగుతాడు. వంతలు “తందాన తాన” అని అందుకొంటారు. కుడి వంత రాజకీయం పలుకుతాడు. వెయ్యేండ్లనాటి కథ నడుస్తుండగా దానిని ఆపి, నిన్నటి కరవును గురించీ ధరలను గురించీ ప్రశ్నిస్తాడు. ఎడమ వంత హాస్యగాడు; నవ్వించి అదే గాయాన్ని మళ్లీ చూపిస్తాడు. ముషాయిరాలో కవి చదివిన మిస్రాను శ్రోతలు తిరిగి చదివి ఎత్తిపట్టే ఆచారం మన ఉర్దూ సోదరులకు సుపరిచితం. మా దృష్టిలో వంత చేసే పని దానికి మిక్కిలి దగ్గరిది. కాకపోతే వంతకు ఎదురుప్రశ్న వేసే హక్కు కూడా ఉన్నది. ఈ హక్కే ప్రభుత్వాలకు కంటకమైనది. మద్రాసు ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ ఒకప్పుడు బుర్రకథను నిషేధించినవి. ఒక తంబురనూ రెండు గుమ్మెటలనూ చూచి ప్రభుత్వాలు జడిసినవంటే ఆ మాటల పదును ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

ఆయనను అందరూ బుర్రకథా పితామహుడు అంటారు. ఈ బిరుదు మాకు అంతగా రుచించదు. ఆయనకు ముందే జంగంవారు తంబుర మీటి ఊరూరా కథలు చెప్పినారు. ఆ ఋణం మరువరాదు. నాజర్ చేసినది వేరు. బిచ్చపు పాత్రలో గింజలు పడేందుకు చెప్పే కథను, వేలమంది ముందు తల ఎత్తి చెప్పే కథగా మార్చినారు.

ఆయన చెప్పిన కథలలో పేరుగన్నవి అల్లూరి సీతారామరాజు, బొబ్బిలి యుద్ధం, పల్నాటి యుద్ధం. ఈ చివరిది మా ఊరి కథ. పన్నెండవ శతాబ్దం చివరలో మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడూ, నలగామరాజు పక్షాన నాగమ్మా నిలువగా, సవతి అన్నదమ్ముల పోరు కారంపూడి రణక్షేత్రంలో ముగిసినది. నేటికీ నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. ఏటేటా కార్తిక అమావాస్య మొదలు ఐదు దినాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వీరుల ఉత్సవం సాగుతుంది. వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. వీరవిద్యావంతులు ఆ కథను పాడుతారు. మేము ఆ జనంలో పెరిగినవారం. మా ఇండ్లలో ఆ ఐదు దినాలూ బంధువులు దిగుతారు. బాలచంద్రుని మరణఘట్టం వచ్చినప్పుడు కంటతడి పెట్టేవారిలో మా తల్లులూ ఉన్నారు.

విద్యావంతుల పాట వేరు, నాజర్ బుర్రకథ వేరు. ఒకటి వీరులకు చేసే ఆరాధన. అది ఆ స్థలానికీ ఆ తిథికీ కట్టుబడినది. రెండవది ఆ కథను గుడి ముంగిలి దాటించి, కారంపూడి ఎక్కడున్నదో తెలియని జనం చెవిన వేసినది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూడు ఈ కథలో ఉన్నది. మాలవాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా భావించి సేనాపతిని చేసిన ఘట్టం ఉన్నది. పంక్తిలో చోటు దొరకని కులంలో పుట్టిన మనిషి ఈ కథను చెబుతుంటే వినడం వేరు, ఇతరులు చెబితే వినడం వేరు అని మాకు తోచుతున్నది.

“సాయిబుకు పల్నాటి కథ ఏల?” అని మమ్ములను అడిగినవారు ఊరిలోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఊరిలో అడిగినవారికి మేము పీర్ల పండుగను గుర్తుచేసినాము. పల్నాటి గ్రామాలలో పీర్లను ఎత్తేవారిలో, గుండం చుట్టూ తెలుగులో పాడేవారిలో హిందువులు ఎందరో ఉన్నారు. వారిని ఎవరూ ఏల అని అడుగరు. ఇక్కడ అడిగినవారికి చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది.

మాలో ఒకని తాతగారు యౌవనంలో ఊరూరా తిరిగి పత్తి ఏకినవారు. ఏకే విల్లు నేటికీ వారి ఇంటి అటుక మీద గుడ్డలో చుట్టి ఉన్నది. పింజారి అన్న మాట ఆ ఇంట ఎవరూ పలుకరాదని కట్టడి. బడిలో ఆ మాటతోనే ఆయనను వెనుక కూర్చుండబెట్టినారట. నాజర్ చెప్పిన ఆత్మకథను అంగడాల వెంకటరమణమూర్తిగారు అక్షరబద్ధం చేసినారు. ఆ గ్రంథానికి పేరు ‘పింజారి’. గత వేసవి సెలవులలో దానిని తాతగారికి చదివి వినిపించినాము. ఆయనకు చదువు రాదు. రెండు సాయంత్రాలు మారుమాట లేకుండా విన్నారు. మూడవనాడు ఉదయం పుస్తకం తెమ్మని, “ఆ మాట అట్ట మీదే వేశారా? పెద్ద అక్షరాలతోనా?” అని అడిగినారు. ఔనన్నాము. ఏ అక్షరం ఏదో చూపించమని, ఒక్కొక్క అక్షరం మీదా వ్రేలు పెట్టి మూడింటినీ లెక్కించుకొన్నారు. అంతే; మరేమీ అనలేదు. మనవడు మాత్రం సెలవుల పిమ్మట వసతిగృహం రిజిస్టరులో కులం గడిలో ఆ మాటను స్వహస్తంతో పూరించినాడు. అమెరికాలో నిప్సీ తన పేట పేరునే పాటల సంపుటానికి పెట్టుకొన్నాడని చెప్పిన మిత్రునికి మేము ఈ సంగతి చెప్పగా, అతడు ఆ రాత్రి మరి వాదించలేదు.

స్వాతంత్ర్యానికి వెల కూడా ఉంటుంది. ప్రజానాట్యమండలి చెదిరిన పిమ్మట అందులోని కళాకారులు పలువురు మద్రాసు చేరి చలనచిత్రాలలో స్థిరపడినారు. మండలి నాయకులైన గరికపాటి రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ తీసినారు. నాజర్ బుర్రకథను 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ చిత్రంలో ప్రేక్షకులు చూచినారు. వెండితెర ఆయనను తాకినది గాని కట్టివేయలేదు. ఆయన మరల పందిళ్ల క్రిందికే వచ్చినారు. బుర్రకథ దళానికి నెలజీతం లేదు. పిలిచిన ఊరు ఇచ్చినదే సంభావన, వర్షం వస్తే అదీ లేదు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించినది. అప్పటికి ఆయనకు 66 ఏండ్లు. 1997లో కన్నుమూసినారు.

రాబోయే వార్షికోత్సవంలో మేము పల్నాటి యుద్ధం బుర్రకథ చెప్పదలచినామని కళాశాల కమిటీవారికి విన్నవించుకొన్నాము. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే సంస్థలో ఇది ఎంతవరకు తగునని పెద్దలలో కొందరికి సందేహం ఉన్నట్లు తెలిసినది. వారి సందేహాన్ని మేము అగౌరవపరచము. మా ఏర్పాటు మాత్రం ఇది. నాజర్ పాడిన పాటలను మేము అనుకరించము. అది మా తరం కాదు. కథ మా మాటలలో వ్రాసుకొన్నాము, చాపకూడు ఘట్టం వరకే. నడుమ నిలిచేవాడు దూదేకుల తాతగారి మనవడు. కుడి వంత మాలోని ఉర్దూ సోదరుడు. అతడు అడిగే ప్రశ్నలు ఉర్దూలోనే అడుగుతాడు, కథకుడు తెలుగులో జవాబు చెబుతాడు. వసతిగృహపు భోజనశాలలో ఎవరి బల్ల ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న. మిగిలినవి ఇప్పుడు చెప్పము.

గుమ్మెటలు రెండు మాచర్లలో దొరికినవి. ఒకదానికి చర్మం మార్చవలసి ఉన్నది. తంబుర అరువు ఇస్తామని మా ఊరివారొకరు మాట ఇచ్చినారు. అందెలు మాత్రం చేయించవలెను. వాటి ఖర్చు నిమిత్తం మేము కోరిన మొత్తం స్వల్పమే. కమిటీవారు పరీక్షలకు ముందే తమ నిర్ణయం తెలియజేసిన యెడల సాధనకు మాకు ఒక మాసం చిక్కుతుంది.